అప్‌డేట్: మా పాప పళ్ల మీద మచ్చలు

పోయిన నెల అడిగాను కదా, మర్రిగూడ దగ్గర మా ఊళ్లోనే పెరిగిన పాపకు ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి, ఉప్పు, బొగ్గుపొడితో రుద్దితే పోతాయా అని. వద్దు, ముందు డాక్టరుకు చూపించండి అన్న అందరికీ థ్యాంక్స్. నల్లగొండ తీసుకెళ్లి చూపించాం.

అది ఫ్లోరోసిస్. పాచి కాదు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారవుతుండగానే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎనామిల్‌ను (పంటి పైనుండే గట్టి పొరను) దెబ్బతీసిందట. ఎంత తోమినా పోదు, బొగ్గుతో రుద్దితే ఎనామిల్ ఇంకా అరుగుతుంది. ఇన్నేళ్లూ "సరిగ్గా తోముకోవు" అని దాన్నే తిట్టాను. తలచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

పై పొరను చాలా సన్నగా అరగదీశారు. మచ్చలు బాగా తేలికయ్యాయి. ముదురుగా ఉన్న రెండు పళ్లకు పంటి రంగు ఫిల్లింగ్ దసరా సెలవుల్లో వేస్తారు.

చిన్న పిల్లలున్నవాళ్లు ఒకటి గమనించండి: నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ గాఢత పెరుగుతుంది. మా బాబుకు నాలుగేళ్లు, వాడి శాశ్వత పళ్లు ఇంకా లోపల తయారవుతున్నాయి. అందుకే తాగడానికే కాదు, అన్నం, పప్పు వండటానికి కూడా బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లే పడుతున్నాం. పేస్టులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి వాడి బ్రష్ మీద పేస్టు బఠాణీ గింజంతే, అదీ నేనే దగ్గరుండి ఉమ్మిస్తున్నాను.

నిన్న ఫొటోకు పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.