మిద్దె తోటకు ఎండాకాలం నీళ్లు: ఉప్పు బోరు వాళ్లు ఏం చేస్తున్నారు?

కావలి మిద్దె
అందరికీ నమస్తే. మా మిద్దె మీద బెండ, గోంగూర, వంగ, కొంచెం టమాటా, అమ్మ పెట్టిన బొండుమల్లె ఉన్నాయి. ఎండలు ముదిరాయి కాబట్టి అడుగుతున్నా. నీళ్లు రోజుకు ఒకసారి పోయాలా, రెండుసార్లా? గ్రీన్ నెట్ ఎంత శాతంది కట్టాలి? మే నెలాఖరులో పెళ్లికని వారం పాటు ఊరెళ్తాం, అప్పుడు మొక్కల గతేంది? బోరు నీళ్లు ఉప్పన. అందుకని ప్రస్తుతానికి తాగేనీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు బకెట్‌లో పట్టి పోస్తున్నా. మల్లె మొగ్గలు కూడా రాలుతున్నాయి.

పెన్నగట్టు, నెల్లూరు
పొద్దున ఎండ ఎక్కకముందు ఒకసారి పోయండి. సాయంత్రం కుండీలో వేలు పెట్టి చూసి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే మళ్లీ పోయండి. పైపులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి, అవి ముందు బకెట్‌లోకి వదిలేయాలి. నేనైతే కుండీల మీద వరిగడ్డి మందంగా పరుస్తా, సాయంత్రం తడి అవసరమే రాదు. గడ్డికి మన జిల్లాలో కరువా!

పొదిలి పాతకాపు
ఆర్వో నీళ్లు అనేదాకా చదివి ఆగిపోయా. వెంటనే మానేయండమ్మా. మేం ఊళ్లో లేనప్పుడు కింద అద్దెకున్నాయన పుణ్యానికని అవే పోశాడు. ఆకుల అంచులు మాడి, కొమ్మకొమ్మా ఎండుకుంటూ వచ్చి, కాపుకొచ్చిన నిమ్మ చెట్టు పోయింది. మా వైపు బోర్ల సంగతి కొత్తగా చెప్పాలా?

బుచ్చి గోంగూర
మా ఇంట్లో ఆ నీళ్లు తప్ప వేరేవి పోయం. గోంగూర కోయలేక వీధంతా పంచుతున్నాం. కావాలంటే ఫోటో పెడతా. ఒకరి చెట్టు పోయిందని అందరినీ భయపెట్టడం ఏంది?

పొదిలి పాతకాపు
ఫోటో గోంగూరది కాదండీ, నిమ్మది పెట్టండి. గోంగూర బండ మీద చల్లినా వస్తుంది.

బుచ్చి గోంగూర
గోంగూరను తక్కువ చేసి మాట్లాడొద్దు.

సంతపేట సన్నజాజి, ఒంగోలు
మల్లె సంగతి నేను చెప్తా. మొగ్గకు చిన్న రంధ్రం ఉండి, పక్కనే పిప్పి కనిపిస్తే అది మొగ్గ తొలిచే పురుగు. అట్లాంటి మొగ్గలు ఏరి మూట కట్టి పారేయండి, కుండీలో రాలనివ్వకండి. రంధ్రం లేకుండా ఎండి రాలుతుంటే నీటి ఎద్దడి. పురుగుకు వేపనూనె పనిచేస్తుంది, కానీ సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. అసలు మల్లెకు పని చలికాలంలోనే అయిపోవాలి. కొన్నాళ్లు నీళ్లు ఆపి, మోకాలెత్తుకు కత్తిరించి, ఆకు దూసి, ఎరువేసి తడి పెడితే ఎండాకాలం మొత్తం పూస్తుంది. నాలుగింటికి విచ్చని మొగ్గలు కోసి, అరటి నారతో కట్టి తడిగుడ్డలో పెట్టానంటే కరెంటు పోయి అందరం మిద్దెక్కే వేళకు విచ్చుకుంటాయి. ఆ వాసన కోసమైనా వేసవి రావాలి అనిపిస్తుంది నాకు. మా ఆయన మాత్రం ఏసీ చాలంటారు.

మట్టి మాస్టారు
ఇంతమంది కొట్లాడుతున్నారు, ఒక్కరైనా టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన ఉప్పు ఎన్ని మిల్లీగ్రాములో అడిగారా? వ్యవసాయ శాఖలో నా సర్వీసంతా మట్టి, నీటి పరీక్షలతోనే గడిచింది. వినండి. ఆర్వో మిషన్ ఉప్పును మాయం చేయదు, పక్కకు నెడుతుంది. లోపలికి పోయే నీళ్లు 500 ఉండి, అందులో సగం తాగే నీళ్లుగా వస్తే, మిగతా సగంలో ఉప్పు దాదాపు 1000 అవుతుంది. అదే బోరు 1500 అయితే బయటికొచ్చేది 3000. లీటరులో 450 మిల్లీగ్రాముల లోపు అయితే మామూలుగా ఏ మొక్కకూ భయం లేదు. 2000 దాటితే చాలావాటికి గండమే. మధ్యలో ఉన్నది మొక్కను బట్టి ఉంటుంది. నిమ్మ, మామిడి, చిక్కుడు జాతి ఉప్పుకు ఓర్చవు. కొబ్బరి, సపోటా కొంత ఓరుస్తాయి. నెల్లూరు దగ్గర బుచ్చిలో కుళాయి నీళ్లు మంచివైతే ఆ గోంగూర బతుకుతుంది, పొదిలి బోరుతో నిమ్మ బతకదు. ఇద్దరూ చెప్పేది నిజమే, ఇద్దరికీ కారణం తెలియదు.

బుచ్చి గోంగూర
మాస్టారూ, సర్వీసు సంగతి సరే, మీ ఇంట్లో తోట ఉందా?

మట్టి మాస్టారు
ఉంది. మా ఆవిడది.

దర్శి దొండపాదు
ఏసీ నీళ్లు పోయొచ్చా? మా హాల్లోది రాత్రికి బకెట్ నిండుతుంది.

మట్టి మాస్టారు
పోయండి. గాలిలో తేమ చల్లబడి కారే నీళ్లు అవి, ఉప్పు ఉండదు. పోషకాలూ ఉండవు, ఎరువు మామూలుగానే వేసుకోవాలి. ఇంకో మాట. ఉప్పునీళ్లు తప్పనివాళ్లు రోజూ కాసిని కాసిని చిలకరిస్తే ఉప్పంతా పైన తెల్లగా పేరుకుంటుంది. ఇవ్వాల్సిన రోజు అడుగు రంధ్రం నుంచి కారేదాకా ఇవ్వాలి, కింద పళ్లెంలో చేరినవి పారబోయాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు తర్వాతే. టీవీలో జూన్‌లో రుతుపవనాలు వచ్చేశాయని చెప్పింది విని కుండీలు కడిగిపోతాయని కూర్చోకండి.

నవాబుపేట అద్దెకొంప
అడుగు నుంచి కారేదాకా పోస్తే మా ఓనరు నన్ను కారుస్తాడు. ఇప్పటికే కింద గదిలో సీలింగ్ చెమ్మెక్కిందని మూడ్నెల్ల అద్దె ఎక్కువ అడుగుతున్నాడు.

పెన్నగట్టు, నెల్లూరు
కుండీని నేరుగా బండకు ఆనించకూడదు. ఇటుకలు పేర్చి ఎత్తున పెట్టండి, కింద గాలి ఆడాలి. నీళ్లు గొట్టం వైపు పారేట్టు వాలు చూసుకోండి. బరువైన డ్రమ్ములు పిట్టగోడ పక్కనా, కింద గోడలు ఉన్నచోటా పెట్టండి, స్లాబు నడిమధ్యలో వద్దు.

నవాబుపేట అద్దెకొంప
వాలు గొట్టం వైపు లేదు, ఓనరు పడగ్గది వైపు ఉంది. అద్దెకు ఉన్నవాళ్ల తోట గురించి ఎవరూ రాయరు ఎందుకో.

కావలి మిద్దె
నెట్ ఎంత శాతం అన్నది ఎవరైనా...

టంగుటూరు తాటితోపు
నెట్ ఏదైనా కట్టండమ్మా, తాళ్లు గట్టివి వాడండి. మేలో సాయంత్రం గాలి దుమారం లేచిందంటే కర్రలతో సహా లేపుకుపోతుంది. మా పక్కింటోళ్ల నెట్ వచ్చి మా ముంజల గెల మీద పడింది. ముంజలంటే గుర్తొచ్చింది, ఈ ఏడు లేతవి ఎక్కడా దొరకడం లేదు, అన్నీ ముదురే అంటగడుతున్నారు. నొక్కి చూడకుండా కొనకండి.

దర్శి దొండపాదు
ముదురు ముంజ తిని కడుపు నొప్పి తెచ్చుకున్నోళ్లు చేతులెత్తండి. మా ఇంట్లో అందరూ.

సంతపేట సన్నజాజి, ఒంగోలు
50 శాతంది కట్టుకోండమ్మా. కూరగాయలకు అంతకంటే నీడ అక్కర్లేదు. అంగట్లో 75, 90 అంటగడతారు. దాని కింద బెండ సన్నగా సాగి, పూత లేకుండా నిలబడుతుంది. క్రోటన్లకైతే 75 బాగానే ఉంటుంది. టమాటాకు నెట్ కట్టినా మేలో కాయ మీద ఆశ పెట్టుకోవద్దు. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. చెట్టు బతికితే చాలు.

పొదిలి పాతకాపు
నెట్ అంతా వ్యాపారం. మా నాయన కాలంలో కొబ్బరాకులు కప్పేవాళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకే తట్టుకునేవి మొక్కలు.

బుచ్చి గోంగూర
మీ నాయన కాలంలో నిమ్మచెట్టు కూడా బతికింది కదా సార్.

పొదిలి పాతకాపు
చచ్చిన చెట్టు మీద హాస్యాలా? మీకు మంచి నీళ్లు కుళాయిలో వస్తాయి కాబట్టి నోరు లేస్తుంది. మా వీధిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టి కూర్చుంటాం. మొక్కలకు పోసే చుక్క కూడా లెక్కపెట్టుకోవాలి. నెల్లూరోళ్లకు ఈ బాధ అర్థం కాదు.

పెన్నగట్టు, నెల్లూరు
నెల్లూరోళ్లందరినీ కలపకండన్నా. ఉదయగిరి వైపు వెళ్లి చూడండి, వాళ్లదీ మీ బాధే.

నిర్వాహకుడు
జిల్లాల పంచాయితీ ఆపండి. మొక్కల గురించి రాయండి.

టంగుటూరు తాటితోపు
మొక్కల గురించే. మా పెరట్లో నాటు మామిడి ఈసారి బాగా కాసింది. పుల్లటి కాయ. పండితే ఎవరూ తినరు గానీ చేపల పులుసులోకి దాని తర్వాతే ఏదైనా. చెట్టుమీద కాయ అప్పటికప్పుడు కోసి వేస్తే ఆ రుచే వేరు.

పెన్నగట్టు, నెల్లూరు
ముక్కలు ఎప్పుడు వేస్తారు? మొదట్లోనే వేసి పులుసంతా పిండి చేసేవాళ్లను చూశా.

టంగుటూరు తాటితోపు
చేప ఉడికే ముందు వేస్తాం. ఒంగోలు వైపు అంతే.

పెన్నగట్టు, నెల్లూరు
అందుకే అది నెల్లూరు చేపల పులుసు కాలేదు. పులుసు మరిగి, చేప వేశాక, దించబోయే ముందు వేయాలి, ముక్క నిలబడాలి. ఆ పూట ముట్టుకోకుండా మర్నాడు పొద్దున తినాలి.

సంతపేట సన్నజాజి, ఒంగోలు
మా అత్తగారిది నెల్లూరే. ఆమె కూడా ముందే వేస్తారు. ఇప్పుడేమంటారు?

పెన్నగట్టు, నెల్లూరు
పెద్దవాళ్లను ఏమంటామక్కా.

నిర్వాహకుడు
మొక్కలు.

కావలి మిద్దె
అందరికీ థాంక్స్. ఊరెళ్లేది ఇంకా మిగిలింది. పక్కింటి పిన్నిని అడగడానికి మొహమాటంగా ఉంది. పోయినసారి ఆమె మొక్కలకు మేం పోయలేదని అలిగింది.

దర్శి దొండపాదు
కుండ పాతండి. రంగు వేయని కొత్త మట్టి కుండను డ్రమ్ములో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. మట్టి ఎండేకొద్దీ కుండ గోడల్లోంచి ఊరుతుంది. చిన్న కుండీలన్నీ నీడకు జరిపి ఒకచోట దగ్గరగా పేర్చండి, అడుగున తడి గోనె పరవండి. బెండ లేతవీ ముదురువీ అన్నీ కోసేసి వెళ్లండి, చెట్టు మీద ముదిరితే కొత్త పూత ఆగుతుంది. వారం ఫర్వాలేదు. పిన్నికి ఒక మల్లె మూర ఇచ్చి చూడండి, అదీ పనిచేస్తుంది.

మట్టి మాస్టారు
కుండలో ఉప్పునీళ్లు పోస్తే కొన్నాళ్లకు దాని రంధ్రాలు పూడుకుపోతాయి. ఏసీ నీళ్లు పోయమనండి.

నవాబుపేట అద్దెకొంప
ఏసీ ఉన్నవాళ్ల తోట గురించే అందరూ రాస్తారు.

టంగుటూరు తాటితోపు
ఊరెళ్లేముందు నెట్ దించి మడత పెట్టండి. 2010లో లైలా తుపాను మే నెలలోనే వచ్చింది. మా దగ్గర నెట్లేంటి, రేకులే లేచిపోయాయి. మేలో వానేంటి అనుకోవద్దు.

బుచ్చి గోంగూర
మాస్టారి మీద పంతం కొద్దీ టీడీఎస్ మీటర్ తెప్పించా. మా ఆర్వో బయటి నీళ్లు 610 చూపించింది. గోంగూరకు ఢోకా లేదని రాసిపెట్టుకోండి అందరూ.

మట్టి మాస్టారు
నేను చెప్పిందే కదమ్మా అది.

పొదిలి పాతకాపు
ఆ మీటర్ ఒకసారి మాకు పంపండి బుచ్చి గారూ. మా కింద అద్దెకున్నాయన ఇప్పటికీ పురుగు వల్లే నిమ్మ పోయిందని వాదిస్తున్నాడు.

బుచ్చి గోంగూర
పంపుతా. గోంగూర గింజలు కూడా పెట్టి పంపుతా, బండ మీద చల్లుకోండి.

దర్శి దొండపాదు
ఆ మీటర్‌తో మా పాలాయన పాలల్లో నీళ్లు ఎంత కలుపుతున్నాడో చూడొచ్చా?

మట్టి మాస్టారు
కుదరదు. అది నీళ్లలో కరిగిన ఉప్పు చూసేది. పాలకు లాక్టోమీటర్ అని వేరే ఉంటుంది.

దర్శి దొండపాదు
అది ఎంతలో వస్తుంది సార్?