గల్ఫ్ మరణాల లెక్క రాష్ట్రాలవారీగా కావాలంటే పార్లమెంటు ప్రశ్న ఎలా రాయాలి?

మానేరు_గట్టు:
గల్ఫ్ కుటుంబాల సంఘం తరఫున మా ఎంపీ గారికి ఒక ప్రశ్న రాసివ్వాలి. గత అయిదేళ్లలో ఆరు గల్ఫ్ దేశాల్లో చనిపోయిన తెలంగాణ, ఆంధ్ర కార్మికులు ఎంతమందో తెలియాలి. మాకు దొరికిన పాత జవాబుల్లో దేశాలవారీ అంకెలే ఉన్నాయి, రాష్ట్రం ఊసే లేదు. స్టార్డ్ ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబిచ్చేది) వేయిస్తే మేలా? ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి?

నోటీసు_బోర్డు:
మీకు కావలసింది పట్టిక. కాబట్టి అన్‌స్టార్డ్ చాలు, లిఖితపూర్వకంగా వస్తుంది. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. ఆ 20లో కూడా ప్రశ్నోత్తరాల గంటలో మంత్రి నోటివెంట జవాబు వచ్చేవి తరచూ నాలుగైదే. స్టార్డ్ వల్ల లాభం, జవాబు విన్నాక అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న అడిగే వీలు. అది మంత్రిని విధానం మీద నిలదీయడానికి పనికొస్తుంది గానీ అంకెలకు కాదు.

విదేశాంగ శాఖ వంతు లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో గురువారం. నోటీసుకు 15 పూర్తి రోజుల గడువు ఉండాలి, ఆపైన లాటరీలో పేరు రావాలి. ఒకే ఎంపీని నమ్ముకోకండి. ఇద్దరు ముగ్గురికి, వీలైతే ఒక రాజ్యసభ సభ్యుడికి కూడా ఇవ్వండి. సమావేశాల తేదీలు ప్రకటించేసరికి ముసాయిదా పీఏ చేతిలో ఉండాలి. చివరి వారంలో తీసుకెళ్తే గడువు దాటిపోతుంది.

పట్టిక_పరిశీలన:
అసలు కీలకం మాటల్లో ఉంది. "గల్ఫ్‌లో తెలుగు కార్మికుల మరణాల వివరాలు ఏమిటి, ప్రభుత్వం ఏ చర్యలు తీసుకుంది" అని అడిగితే రెండు పేజీల జవాబు వస్తుంది: మదద్ పోర్టల్ (విదేశాల్లోని భారతీయుల ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ నడిపే వెబ్‌సైటు), సంక్షేమ నిధి, హెల్ప్‌లైన్లు. మీ అంకె మాత్రం అందులో ఉండదు. "చర్యలు" అన్న మాట పెడితే జవాబంతా అటే పోతుంది.

ఎంబసీలో మరణం నమోదు చేసేటప్పుడు పాస్‌పోర్టు చూపిస్తారు. పాత పుస్తకం చివరి పేజీలో తండ్రి పేరు, తల్లి పేరు, కింద పిన్‌కోడ్‌తో సహా చిరునామా ఉంటాయి. అంటే రాష్ట్రం తెలుసుకునే ఆధారం వాళ్ల చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని ఇలా అడగండి:

(ఎ) 2020 నుంచి ఏటా ఒక్కో గల్ఫ్ దేశంలో భారత మిషన్లు (ఎంబసీలు, కాన్సులేట్లు) నమోదు చేసిన భారతీయుల మరణాలు ఎన్ని;
(బి) వాటిలో సహజ మరణాలు, పని ప్రమాదాలు, రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు విడివిడిగా ఎన్ని;
(సి) మరణ నమోదులో పాస్‌పోర్టులోని రాష్ట్రం పేరు ఎక్కిస్తున్నారా, ఎక్కిస్తే రాష్ట్రాలవారీ సంఖ్య ఎంత;
(డి) ఎక్కించకపోతే కారణాలేమిటి?

(డి) వదలొద్దు. "రాష్ట్రాలవారీగా నిర్వహించడం లేదు" అని ఒక్క ముక్కతో తేల్చేసే దారి మూసేది అదే. మొత్తం 150 మాటలు దాటకూడదు.

జవాబులో "(ఎ) నుంచి (డి) వరకు" అని నాలుగూ కలిపేశారంటే ఏ భాగానికి సమాధానం రాలేదో గీత గీసి చూడండి, దాన్నే వచ్చే సమావేశాల్లో విడి ప్రశ్నగా పెట్టించండి. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని వస్తే నిరుత్సాహపడకండి. అది హామీ కింద నమోదవుతుంది. 3 నెలల్లో నెరవేర్చాలి, ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని వెంటాడుతుంది.

వలస_లెక్కలు:
ఒక హెచ్చరిక. ఈ-మైగ్రేట్ (విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు అనుమతులిచ్చే విదేశాంగ శాఖ పోర్టల్) అంకెను "గల్ఫ్‌లో ఉన్న తెలంగాణవాళ్లు" అని రాసేస్తుంటారు. అది తప్పు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో (అంటే వెళ్లే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయినది) 18 దేశాలకు పనికి వెళ్లేవాళ్లకు ఆ ఏడాది ఇచ్చిన క్లియరెన్సుల సంఖ్య అది. పదో తరగతి పాసై ఈసీఆర్ ముద్ర లేనివాళ్లు, విజిట్ వీసా మీద ఏజెంటు పంపినవాళ్లు అందులో ఉండరు. తిరిగొచ్చినవాళ్లను తీసివేయరు కూడా.

ఈసీఆర్ కార్మికులకు తప్పనిసరి అయిన ప్రవాసీ భారతీయ బీమా యోజన మీద విడిగా ప్రశ్న వేయించండి. ప్రమాద మరణానికి 10 లక్షలు. క్లెయిమ్‌లో నామినీ చిరునామా ఉంటుంది, కాబట్టి వచ్చినవి, చెల్లించినవి, తిరస్కరించినవి రాష్ట్రాలవారీగా అడగవచ్చు.

మానేరు_గట్టు:
చాలా థ్యాంక్స్. మా దగ్గరి కుర్రాడొకరు దుబాయ్ జైల్లో ఉన్నాడు. అతని పేరు కూడా ప్రశ్నలో పెట్టించవచ్చా?

నోటీసు_బోర్డు:
వద్దండీ. ఒక్క మనిషి కేసుకు ఇది నెమ్మది దారి, పైగా పేరు శాశ్వతంగా రికార్డులో ఉండిపోతుంది. 2025 మార్చి 20న రాజ్యసభకిచ్చిన జవాబులో విదేశీ జైళ్లలో 10,152 మంది భారతీయులున్నారని చెప్పారు. విచారణ ఖైదీలూ అందులోనే. అయితే అది ఎంబసీకి తెలిసినంతవరకే. కాన్సులర్ సంబంధాలపై 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, అరెస్టయినవాడు కోరితేనే కాన్సులేట్‌కు కబురు పంపుతారు. కోరాలని చాలామందికి తెలియదు. అందుకే ఈ రోజే మదద్‌లో పాస్‌పోర్టు నంబరు, జైలు పేరు, అరెస్టు తేదీతో ఫిర్యాదు పెట్టి, కాన్సులర్ యాక్సెస్ (మన అధికారులు జైల్లో అతన్ని కలిసే వీలు) కావాలని స్పష్టంగా రాయండి. వచ్చిన ఫిర్యాదు నంబరు జోడించి ఎంపీ గారితో విదేశాంగ మంత్రికి లేఖ రాయించండి.

శిక్ష ఖరారై, అప్పీలు ఏదీ లేకపోతే మిగతా శిక్ష ఇక్కడ అనుభవించేందుకు 2003 ఖైదీల స్వదేశ బదిలీ చట్టం ఉంది. కుర్రాడి సమ్మతి తప్పనిసరి. ఆ బదిలీ చూసేది హోం శాఖ, దాని మీద ప్రశ్న వేయించాలంటే లోక్‌సభలో మంగళవారం, రాజ్యసభలో బుధవారం.