ఫోన్‌లో కొట్టి ఆన్సర్ చెప్పలేని పజిల్స్ కావాలి, మన సిటీలో కళ్ళముందు కనిపించేవి

మల్కాజిగిరి_అమ్మ:
మా వాడు ఎనిమిదో క్లాసు, పక్క ఫ్లాట్ అమ్మాయి తొమ్మిది. ఇద్దరికీ పుస్తకంలో పజిల్ ఏదిచ్చినా ఫోన్‌లో వెతికి రెండు నిమిషాల్లో ఆన్సర్ తెచ్చేస్తున్నారు, ఇంక వాళ్ళు ఆలోచించేదెక్కడ. బయటికెళ్ళినప్పుడు ఏదైనా చూపించి "ఇదెందుకిలా?" అని అడిగేవి, వాళ్ళలో వాళ్ళు కొట్లాడుకుని చివరికి చేసి చూసుకునేవి చెప్పండి. మీ ఇంట్లో పనిచేసినవైతే ఇంకా మంచిది. లింకులు వద్దు ప్లీజ్.

సిగ్నల్_లెక్కలు:
నంబర్ ప్లేట్ల ఆట పెట్టు అక్కా. మేము ఉప్పల్ దిక్కు సిగ్నల్ పడ్డదంటే ఇదే పని. ముందు బండి నంబర్ తీసుకోవాలె, నాలుగంకెలు ఒక్కటే కాకుంటే చాలు. అంకెల్ని పెద్దదాన్నించి చిన్నదానికి రాసి, తిరగేసి రాసి, తీసెయ్యాలె, వచ్చినదాంతో మళ్ళా అదే. 3524 అనుకో, 5432 - 2345 = 3087, తర్వాత 8730 - 0378 = 8352, తర్వాత 8532 - 2358 = 6174. ఇగ అక్కడ్నే ఆగిపోతది, 6174 తోని మళ్ళా చేసినా 6174 ఏ వస్తది. టీఎస్ బండైనా టీజీ బండైనా ఏడుసార్ల లోపల అక్కడికే రావాలె. నాసిక్ దగ్గర దేవ్‌లాలిలో బడి పంతులు కాప్రేకర్ 1949లో అందరికీ చెప్పిండు దీన్ని.

నైన్త్_బి_సెక్షన్:
అన్నా 1112 కి రావట్లేదు. 2111 లో 1112 పోతే 999, మళ్ళీ 999 లో 999 పోతే సున్నా. రూల్ తప్పు కదా?

సిగ్నల్_లెక్కలు:
999 కాదు తమ్మీ, 0999 అని రాయాలె, ముందున్న సున్నాని పడెయ్యొద్దు. 9990 - 0999 = 8991, 9981 - 1899 = 8082, 8820 - 0288 = 8532, ఇగ తర్వాతది నీకే తెలుసు. 9999 కి మాత్రం నిజంగనే సున్నా. వేలంపాటలో లక్షలు పోసి కొనుక్కున్న ఫ్యాన్సీ నంబర్‌కి సున్నా వచ్చుడు మా పాపకి మస్తు నచ్చింది.

ట్యూషన్_సార్_దిల్‌సుఖ్‌నగర్:
ఆట బాగుంది గానీ అక్కడితో వదిలేయకండి, మధ్యలో వచ్చే ప్రతి తేడా 9తో శేషం లేకుండా పోతుంది, అదెందుకో అడగండి. అంకెలు అవే కాబట్టి కూడితే మొత్తం ఒకటే, అంటే రెండు నంబర్లకీ 9తో భాగిస్తే శేషం ఒకటే, తీసేస్తే ఆ శేషం ఎగిరిపోతుంది. నా దగ్గర పిల్లలు ఇంతవరకు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. చివరికి 6174 మీదే ఎందుకు ఆగుతుందంటే మాత్రం దానికి ఇంత చిన్న కారణం లేదు, కేసులన్నీ వేసి చూసుకోవాల్సిందే.

ట్యాంక్‌బండ్_వాకర్:
మీకు అసలైన కొట్లాట కావాలంటే బుద్ధుడి విగ్రహం చూపించండి మేడం. 1990లో దాన్ని బార్జ్ (సరుకు మోసే చదును పడవ) మీద హుస్సేన్ సాగర్ మధ్యకి తీసుకెళ్తుంటే జారి నీళ్ళలో పడిపోయింది, అందులో మనుషులు కూడా పోయారు పాపం, 1992 డిసెంబర్‌లో పైకి తీసి నిలబెట్టారు. ఇప్పుడు ప్రశ్న. విగ్రహం బార్జ్ మీద ఉన్నప్పుడు, నీళ్ళ అడుగున పడున్నప్పుడు, దిమ్మె మీద నిలబడ్డాక, ఈ మూడింట్లో సాగర్ నీటిమట్టం ఎప్పుడు ఎక్కువ? వానలు, నాలాలు, ఎండకి ఆవిరయ్యేవి అన్నీ పక్కన పెట్టండి.

నైన్త్_బి_సెక్షన్:
మునిగినప్పుడే ఎక్కువ. రాయి నీళ్ళలోకి పోయింది కదా.

మల్కాజిగిరి_అమ్మ:
మావాడూ అదే అన్నాడు, పక్కింటమ్మాయి మాత్రం బార్జ్ మీద ఉన్నప్పుడే అంటోంది, కారణం అడిగితే చెప్పలేకపోతోంది.

ట్యాంక్‌బండ్_వాకర్:
అమ్మాయే కరెక్ట్. తేలుతున్నప్పుడు బార్జ్ విగ్రహం బరువు మొత్తాన్నీ మోయాలి, అంటే అంత బరువున్న నీళ్ళని పక్కకి నెట్టాలి. గ్రానైట్ నీళ్ళకన్నా దాదాపు 2.7 రెట్లు బరువు, కాబట్టి రాయి సైజుకి 2.7 రెట్ల నీళ్ళు జరగాలి. అదే మునిగిపోయాక రాయి తన సైజు నీళ్ళనే జరుపుతుంది, దాని మిగతా బరువుని చెరువు అడుగు మోస్తుంది. అంటే పడగానే మట్టం తగ్గింది. దిమ్మె మీద పెట్టాక విగ్రహం అసలు నీళ్ళనే తాకట్లేదు కాబట్టి ఇంకా తగ్గింది. నమ్మకపోతే టబ్బులో స్టీలు గిన్నె తేలేసి, అందులో అల్లం దంచే రాయి పెట్టి స్కెచ్ పెన్‌తో టబ్బుకి గీత గీయండి, తర్వాత రాయి తీసి నీళ్ళలో వేసి చూడండి. టబ్బు చిన్నదైతేనే తేడా కనపడేది, రాయి మరీ చిన్నదైతే ఏమీ తెలీదు.

మాదాపూర్_ఇంజనీర్:
మరి సాగర్‌లో ఎంత తగ్గుంటుందో లెక్కేశా. విగ్రహం 400 టన్నులు అనుకుందాం, చెరువు 5 చదరపు కిలోమీటర్లు అనుకుందాం. తేలుతున్నప్పుడు 400 ఘనపు మీటర్ల నీళ్ళు జరిగాయి, మునిగాక 150 లోపే. తేడా 250, దాన్ని 50 లక్షల చదరపు మీటర్ల మీద పరిస్తే 0.05 మిల్లీమీటర్. సన్న వెంట్రుక మందం అంతే. ఏ స్కేలు పెట్టినా దొరకదు, కానీ తగ్గిందని కాగితం మీద గ్యారంటీగా చెప్పొచ్చు, నాకైతే ఇదే భలే అనిపించింది.

ట్యూషన్_సార్_దిల్‌సుఖ్‌నగర్:
రాయి బదులు చెక్క ముక్క వేస్తే ఏమవుతుందో కూడా అడగండి. ఏం మారదు, గిన్నెలో ఉన్నా నీళ్ళలో తేలినా అదే బరువు, అవే నీళ్ళు. ఇది అడక్కపోతే "ఏది పడేసినా తగ్గుద్ది" అని బట్టీ పడతారు.

నాంపల్లి_చాయ్:
మన చాయ్ పజిల్ మర్చిపోయిన్రా భాయ్. దోస్త్ పది నిమిషాల్లో వస్తా అన్నడు, అప్పటికి చాయ్ వేడిగుండాలంటే కప్పుల పోసిన డికాక్షన్‌లో పాలు ఇప్పుడే కలపాల్నా వాడొచ్చినంక కల్పాల్నా? పుస్తకాల ఆన్సర్ ఇప్పుడే అని. ఎంత వేడిగుంటే అంత జల్దీ వేడి పోతది కాబట్టి ముందే పాలు పోసి కొంచెం చల్లబరిస్తే తర్వాత మెల్లగ పోతది. కానీ ఆ పాలు చల్లటివి అనుకుని చెప్పిన్రు. ఇరానీ హోటల్‌ల డికాక్షన్ వేరే, మరిగి చిక్కబడ్డ పాలు వేరే, రెండూ పొయ్యి మీదనే ఉంటయి. పాలు పొయ్యి మీదుంటే వాడొచ్చినంకనే పోసుకోవాలె, పుస్తకం ఆన్సర్ ఉల్టా అయితది. మా తమ్ముడు స్కూల్ల ఇట్లనే వాదించిండు, మాస్టర్ మార్కులు కోసిండంట.

బెలూన్_నాన్న:
కారులో గ్యాస్ బెలూన్ ట్రై చేయండి, అద్దాలు మూసి. ఆక్సిలరేటర్ తొక్కితే మనం సీటుకి అతుక్కుంటాం, బెలూన్ ముందుకి పోతుంది. బరువైన గాలి వెనక్కి చేరి తేలికైన బెలూన్‌ని ముందుకి నెడుతుంది.

మాదాపూర్_ఇంజనీర్:
కారులో వద్దు సార్, రోడ్డు మీద అమ్మేవాటిలో హైడ్రోజన్ నింపేవి కూడా ఉంటాయి, నిప్పు తగిలితే అంటుకుంటుంది. హీలియం అని తెలిస్తేనే.

బందరు_టు_బోడుప్పల్:
ఏప్రిల్‌లో ఇక్కడ రంజన్‌లో నీళ్ళు ఫ్రిజ్ నీళ్ళలా ఉంటాయి, అదే కుండ మా బందరులో పెడితే అంత చల్లబడదు, ఎందుకో అడగండి. సముద్రం పక్కన గాల్లో తేమ ఎక్కువ, కుండ పైకి ఊరిన నీళ్ళు ఆవిరైతేనే కదా వేడి పోయేది, అక్కడ అంత త్వరగా ఆవిరవ్వవు. ఎడారి కూలర్ కథ కూడా ఇదే, కొని అక్కడికి పట్టుకెళ్ళి తిట్టుకున్నవాళ్ళు మా చుట్టాల్లో ఉన్నారు.

టెర్రస్_ఖగోళం:
నీడ లేని రోజు ఎవరూ చెప్పలేదేంటి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 దరిదాపుల్లో మధ్యాహ్నం నిలువుగా పెట్టిన కర్రకి నీడే ఉండదు. మేలో 12:12కి, ఆగస్టులో 12:22, 23కి. ముందు పిల్లల్ని నీడ అతి చిన్నగా ఎప్పుడుంటుందో అడగండి, జూన్ 21 అంటారు గ్యారంటీగా. ఆరోజు సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి పోయుంటాడు, మనం 17.4 డిగ్రీలు, ఆయన 23.4. మీటర్ కర్రకి పది సెంటీమీటర్ల నీడ, అదీ దక్షిణం వైపు! ఢిల్లీ వాళ్ళకి నీడలేని రోజు ఏడాదిలో ఒక్కటి కూడా రాదు.

మల్కాజిగిరి_అమ్మ:
మే అయిపోయింది, ఆగస్టులో మబ్బులు కదండీ?

టెర్రస్_ఖగోళం:
ఒక్కరోజే అని పట్టుకోకండి. ఆ సీజన్‌లో సూర్యుడు రోజుకి పావు డిగ్రీ పైచిలుకే జరుగుతాడు, రెండ్రోజులు అటూ ఇటూ అయినా మీటర్ కర్రకి నీడ సెంటీమీటర్ లోపే. ఆగస్టు 1 నుంచి 5 దాకా మధ్యాహ్నం కర్రతో టెర్రస్ ఎక్కండి, ఏదో ఒక రోజు ఎండ కాస్తుంది. కర్ర నిలువుగా ఉందో లేదో మేస్త్రీ తూకం గుండుతో చూసుకోండి, అది వంకరైతే మొత్తం వేస్ట్.