అప్‌డేట్: ఫెలోషిప్పా, ఎంపీహెచ్చా అని అడిగిన పీహెచ్‌సీ డాక్టర్‌ని

ఆర్నెల్ల కిందట ఇక్కడ అడిగాను: ఎంబీబీఎస్ చేసి పీహెచ్‌సీలో ఉన్నాను, ఆరోగ్యశ్రీ ఉన్నా జనం వైద్యానికి అప్పులెందుకు చేస్తున్నారో పరిశోధించాలనుంది, నేరుగా పరిశోధన ఫెలోషిప్‌కి పెట్టుకోనా, ముందు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చెయ్యనా అని. "ముందు చిన్న కోర్సు చేసి చూడండి" అన్నారు చాలామంది. ఆ మాటే విన్నాను.

చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరును చదివే శాస్త్రం) సంస్థవాళ్ల ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశాను. పాఠాలకు పైసా కట్టలేదు. నా ప్రశ్న మరీ పెద్దదని అక్కడే తెలిసొచ్చింది, కాస్త సిగ్గేసింది కూడా.

తర్వాత జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ (2017-18) ఆరోగ్య డేటా దించుకుని, రాత్రిళ్లు ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను. అందులో ఆస్పత్రిలో చేరిన ఖర్చు 365 రోజులకు అడుగుతారు, ఓపీ ఖర్చు 15 రోజులకే. రెంటినీ అలాగే కలిపేసి వారంపాటు తప్పుడు పట్టికలు వేశాను! కానీ పరిశోధించదగ్గ చిన్న ప్రశ్న దొరికింది: ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవాళ్లకు. మరి నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రల సంగతి?

హైదరాబాద్‌లోని ఇండియా అలయన్స్ (ఆరోగ్య పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ) ఫెలోషిప్‌ల వివరాలు చదివాను. సొంత పరిశోధన ప్రణాళిక, చోటిచ్చే సంస్థ, రెండూ ఉండాలి. నాకింకా ఆ స్థాయి లేదు. అందుకే తిరువనంతపురంలో ప్రజారోగ్యం నేర్పే అచ్యుత మీనన్ సెంటర్‌లో ఎంపీహెచ్‌కి దరఖాస్తు పెడుతున్నాను. "పీజీ అంటే ఎండీ కదరా" అని అమ్మ గొణుగుతూనే ఉంది.

సర్వీసులో ఉంటూ అక్కడ చదివినవాళ్లుంటే, చదువు సెలవు ఎలా తెచ్చుకున్నారో చెప్పగలరా?