ఐఏఎస్ నుంచి ఐఎంఓ సెక్రటరీ జనరల్ దాకా: సి.పి. శ్రీవాస్తవ వెళ్లిన దారి ఇప్పుడూ ఉందా?

తెరచాప:
సి.పి. శ్రీవాస్తవ కెప్టెన్ కాదు, మెరైన్ ఇంజనీరూ కాదు, ఐఏఎస్ అధికారి. అయినా 1974 నుంచి 1989 చివరిదాకా లండన్‌లో ఐఎంఓను, అంటే ఓడల భద్రత, కాలుష్యాల మీద నిబంధనలు చేసే ఐక్యరాజ్యసమితి సంస్థను నడిపారు. ఏం చూసి ఎన్నుకున్నారు? ఆయన హయాంలో నౌకా భద్రతలో నిజంగా మారిందేమిటి? ఇప్పుడు మన అధికారి ఎవరైనా అక్కడికి చేరాలంటే ఎటునుంచి వెళ్లాలి?

లంగరు:
ఆయనకు ఓడల సంగతి తెలియదనుకోకండి. 1961 అక్టోబరు 2న ఈస్టర్న్, వెస్టర్న్ కార్పొరేషన్లను కలిపి షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పెట్టినప్పుడు ఉన్నవి 19 ఓడలే. దాన్ని నిలబెట్టింది ఆయనే. మధ్యలో లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ప్రధాని కార్యాలయంలో పనిచేశారు. అంటే ఓడ యజమాని లెక్కలూ తెలుసు, సర్కారు ఫైలు నడకా తెలుసు. ఆ కుర్చీకి కావలసింది అదే. సెక్రటరీ జనరల్‌కు ఓటు లేదు, ఏ ఓడనూ ఆపలేరు. సర్టిఫికెట్ ఇచ్చేది ఓడ నమోదైన దేశం, అంటే జెండా దేశం; ఓడను నిలిపే అధికారం రేవు దేశానిది.

ఇక మార్పు. సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం సోలాస్. దాని 1960 రూపానికి సవరణ చేస్తే, మూడింట రెండు వంతుల దేశాలు ‘ఒప్పుకున్నాం’ అని రాసి పంపాలి. తగినన్ని దేశాలు పంపేవి కాదు. 1966 నుంచి చేసిన సవరణల్లో ఒక్కటీ అమల్లోకి రాలేదు. 1974 సోలాస్ దీన్ని తిరగేసింది: గడువులోగా అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే. మూడో వంతుకు మించిన సభ్య దేశాలో, లేదా ప్రపంచ నౌకల టన్నేజీలో సగం ఉన్న దేశాలో కాదంటేనే ఆగుతుంది.

దిక్సూచి:
లంగరు గారూ, ఆ మౌనాంగీకారాన్ని ఆయన ఖాతాలో వేయకండి. ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నియమాల్లోనే అది ఉంది. సోలాస్ సమావేశం నాటికి ఆయన వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఆయన హయాంలో తేలిన అసలు చిక్కు మార్పోల్, అంటే ఓడల వల్ల వచ్చే కాలుష్యాన్ని ఆపే ఒప్పందం. 1973 ఒప్పందంలో రసాయన ట్యాంకర్ల నిబంధనలు, అంటే రెండో అనుబంధం, మోయలేక దేశాలు వెనకాడాయి. 1976–77లో వరుసగా ట్యాంకర్ ప్రమాదాలు జరిగాక, 1978 ఫిబ్రవరిలో పాత ఒప్పందాన్ని కొత్త ప్రోటోకాల్‌లో కలిపేసి, రెండో అనుబంధానికి మాత్రం మూడేళ్లు అదనపు గడువిచ్చారు. అప్పుడు కదిలింది, 1983 అక్టోబరు 2న అమలైంది. అదే ఏడాది స్వీడన్‌లోని మాల్మోలో వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ మొదలైంది. నన్నడిగితే ఇదే ఆయన పెద్ద పని. తనిఖీ చేసే సర్వేయర్లు లేని దేశంలో ఒప్పందం మీద సంతకం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తెరచాప:
మరి ఇప్పుడు? సివిల్స్ రాయాలా, సర్వేయర్ పోస్టుకు వెళ్లాలా?

దిక్సూచి:
రెండూ ఉన్నాయి. దేశంలో నౌకాయాన వ్యవహారాలు చూసే డీజీ షిప్పింగ్ పదవికి మామూలుగా ఐఏఎస్‌లే వస్తారు, కొన్నేళ్లకు వేరే శాఖకు బదిలీ. అక్కడే ఈ దారి తెగిపోతుంది. సర్వేయర్ పోస్టులు యూపీఎస్సీ నేరుగా భర్తీ చేస్తుంది. ఇంజనీరుకు క్లాస్ వన్ మెరైన్ ఇంజనీర్ సర్టిఫికెట్, నాటికల్ వైపు, అంటే ఓడ నడిపేవాళ్లకు మాస్టర్ (కెప్టెన్) సర్టిఫికెట్ కావాలి. వీళ్లు ఏళ్ల తరబడి ఒకే సబ్జెక్టులో ఉంటారు.

ఈ మధ్య గెలిచినవాళ్లను చూడండి. జపాన్‌కు చెందిన సెకిమిజు నౌకా నిర్మాణం చదివి, రవాణా శాఖలో ఓడల తనిఖీతో మొదలుపెట్టి, 1989లో ఐఎంఓలో చేరి, 2012లో సెక్రటరీ జనరల్ అయ్యారు. ఇప్పుడున్న పనామా డొమింగెజ్ కూడా నావల్ ఆర్కిటెక్టే.

లంగరు:
దానికి తోడు ఓట్లు. అభ్యర్థిని సొంత ప్రభుత్వమే ప్రతిపాదించాలి, 40 దేశాల కౌన్సిల్ రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకోవాలి, ఆ తర్వాత అసెంబ్లీ ఆమోదం. 2023లో ఏడుగురు నిలబడ్డారు. ఇప్పుడు పదవీకాలం నాలుగేళ్లు, మరొక్కసారి పొడిగింపు, అంతే. శ్రీవాస్తవలా పదహారేళ్లు కుదరదు.

మొదటి మెట్టు ఐఎంఓ కమిటీలకు పెట్టే పత్రాలు. మారిటైమ్ సేఫ్టీ కమిటీకి కొత్త పని ప్రతిపాదించాలంటే సమావేశానికి 13 వారాల ముందే పత్రం చేరాలి. శాఖల మధ్య అభిప్రాయాల కోసం తిరిగే ఫైలు ఈ గడువు దగ్గరే తప్పుతుంది. ఒకసారి తప్పితే వచ్చే సమావేశం దాకా ఆగాలి, ఈలోపు అదే ప్రతిపాదన వేరే దేశం పెట్టేస్తుంది. అధికారి పేరు అక్కడివాళ్లకు తెలిసేది ఇలాంటి పత్రాలతోనూ, వర్కింగ్ గ్రూపుల్లో రాత్రి పొద్దుపోయేదాకా సాగే డ్రాఫ్టింగ్‌తోనూ.