జీడీఎన్‌ఎఫ్ కథ ముగిసినట్టేనా?

బందరుబాబు: నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లు. కదలికలకు కావాల్సిన డోపమైన్‌ను తయారుచేసే మెదడు కణాలను కాపాడే జీడీఎన్‌ఎఫ్ ప్రోటీన్ 1993లోనే దొరికిందట. 2003లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఐదుగురికి నేరుగా మెదడులోకి ఎక్కిస్తే బాగా తేరుకున్నారట. మరి మందుగా ఎందుకు రాలేదు?

సందేహరావు: ఆ ఐదుగురికీ తాము తీసుకుంటున్నది ఏమిటో తెలుసు. పార్కిన్సన్స్‌లో బాగుపడతామన్న ఆశ కలిగినా చాలు, మెదడులో డోపమైన్ విడుదలవుతుంది. ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ 34 మందిపై ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి చికిత్సతో) పోల్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు, 2004లో ఆపేసింది. కథ కంచికే.

కణజాలం: అంత తొందరెందుకండీ? ఈ ప్రోటీన్ కణం పైపొర మీద జీఎఫ్‌ఆర్-ఆల్ఫా1ను పట్టుకుంటుంది, రెండూ కలిసి రెట్ అనే గ్రాహకాన్ని మేల్కొల్పుతాయి. లోపల ఏకేటీ అనే సంకేత ప్రోటీన్ కణాన్ని చావు దాకా పోనివ్వదు, ఈఆర్‌కే అనే ఇంకోటి కొత్త కొమ్మలు వేయిస్తుంది. ఇదంతా జరగాలంటే కణం ఉండాలిగా! రోగం తేలిన నాలుగైదేళ్లకే పుటామెన్‌లో (కదలికలను నియంత్రించే మెదడు భాగంలో) డోపమైన్ తంతువులు దాదాపు ఉండవని 2013లో శవపరీక్షల మెదళ్లలో చూశారు. పైగా ఈ రోగంలో కణాల్లో పోగుపడే ఆల్ఫా-సిన్యూక్లిన్ ప్రోటీన్ పేరుకుంటే, రెట్‌ను తయారుచేయించే నర్1, దానితోపాటు రెట్ తగ్గిపోతాయని 2012లో ఎలుకల్లో తేలింది.

సందేహరావు: ఆల్ఫా-సిన్యూక్లిన్ పేరుకోవడం జీడీఎన్‌ఎఫ్ సంకేతానికి అడ్డు కాదని 2017లో మరో బృందం రాసింది, అదీ చెప్పండి. 2019 బ్రిస్టల్ ఫలితాల మాటేమిటి? 41 మంది, చెవి వెనక పుర్రెకు బిగించిన పోర్టు, నాలుగు వారాలకోసారి మందు. 40 వారాలకు కూడా ప్లాసిబోను దాటలేదు.

కణజాలం: స్కాన్‌లో పుటామెన్ డోపాను (డోపమైన్ ముడిసరుకును) పట్టుకోవడం మందు పడినవాళ్లలోనే పెరిగింది. అంటే సంకేతం చేరింది. నడకలో కనబడటానికి 40 వారాలు చాలవేమో.

సందేహరావు: స్కాన్ బాగుపడితే ఏం లాభం సార్, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే?

తోటమాలి: మధ్యలో ఒక మాట. దూలగొండి గింజలు వాడితే సరిపోదా?

కణజాలం: అందులో ఉన్నది పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే లెవోడోపానే, లోటు పూడుస్తుందే గానీ కణాన్ని కాపాడదు. మాత్రలతో కలిపి సొంతంగా వాడొద్దు, మోతాదు మించుతుంది. బాబుగారూ, మీ నాన్నగారి దశలో జీడీఎన్‌ఎఫ్ మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పను. ఇప్పుడు వైరస్‌తో జన్యువునే పంపే ప్రయోగాలు నడుస్తున్నాయి, అవి తొలి రెండేళ్ల రోగుల్లో చేయాలి.

సందేహరావు: తొలి రెండేళ్లలో మాత్రలతోనే హాయిగా తిరిగేవాళ్ల పుర్రెకు రంధ్రం పెడతామంటే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుందండీ? ముందు దానికి జవాబు చెప్పండి.