సమస్యాపూరణం: దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

నిర్వాహకుడు:
ఈసారి సమస్య (నేనిచ్చే చివరి పాదానికి మీరు మొదటి మూడూ రాయాలి) ఆఫీసు ఫ్రిజ్జు మీద ఇస్తున్నా. పొద్దున్నే లేచి వండుకుని డబ్బాలో సర్దుకుని తీసుకెళ్తే లంచ్ టైముకి ఆ డబ్బా సగం అయిపోయి ఉండటం, లేదంటే అసలు కనపడకపోవడం, ఇది చాలామంది పడే బాధే, కానీ నోరు విప్పితే చాలు "తిండి దగ్గర గొడవేంటి, పోనీలే" అనేస్తారు. నాకైతే అది పోనీలే అనుకునే విషయం కాదు. ఇన్సులిన్ వేసుకునే మనిషికి వేళకి తిండి పడకపోతే షుగర్ డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కిందకి దిగి చెమటలు పట్టి చేతులు వణకొచ్చు, అలాంటి మనిషి డబ్బా తీసినవాడికి తను ఏం తీశాడో కూడా తెలీదు. అందుకే సరదాగా కాకుండా కాస్త మనసు పెట్టి రాయండి.

ఆటవెలది నాలుగో పాదం ఇది:

దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

ఐదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు; గురువంటే సాగదీసి పలికే అక్షరం, లఘువంటే పొట్టిది), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) దొ-దొ. కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (సూర్యగణాల కంటే పెద్దవి), 2, 4 పాదాల్లో ఐదు సూర్యగణాలు, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కుదరడం) చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. చిక్కంతా అర్థంలోనే ఉంది, దొంగ ఎవరో తెలిసింది అంటూనే దొంగ లేడంటున్నాం, ఆ విరోధం మొదటి మూడు పాదాల్లో విడిపోవాలి. పద్యం ఆఫీసు దాటి పోకూడదు, ఎవరి పేరూ రాయొద్దు.

నైట్‌షిఫ్ట్:
సెలవు పెట్టె నొకడు. చెదరక నా డబ్బ
నిండుగానె యుండె నేడు చూడ;
అతడు రాని నాడె యన్నము మిగిలెను;
దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

మా టీములో నిజంగా జరిగిందే రాశానండి.

యతిమైత్రి:
పూరణ చాలా సహజంగా ఉందండీ, "లేడు" అంటే ఈ రోజు ఆఫీసులో లేడు అని తీసుకోవడంతో విరోధం హాయిగా విడిపోయింది. యతులన్నీ సరిపోయాయి, సె-చె, ని-నే, మూడో పాదంలో అ-య దగ్గర లోపల ఉన్నది అన్నము కాబట్టి స్వరయతి (అచ్చుకి అచ్చు కుదరడం). ఒక్కటే, "చూడ" అసలు "చూడన్", ద్రుతాంతం (చివర న్ ఉన్న మాట) కదా, తర్వాత పాదం అచ్చుతో మొదలైంది కాబట్టి "చూడ / నతడు" అని సంధి చేస్తే పద్ధతిగా ఉంటుంది, యతికి ఇబ్బందేం రాదు.

నిర్వాహకుడు:
పద్యం బాగుంది, నాకు అభ్యంతరం వేరే చోట. ఒక్క రోజు డబ్బా నిండుగా ఉందని ఆ రోజు రానివాడి మీద దొంగ అని ముద్ర వేసేస్తామా? ఆ రోజు ఇంకెవరు రాలేదో, మీటింగు భోజనాలు ఎవరికి వచ్చాయో ఎవరు చూశారు. "నాడె" తీసి "నాళ్ళె" పెట్టండి, గణం అదే, కానీ అప్పుడు అతను రాని ప్రతిసారీ అలాగే జరిగిందని వస్తుంది, సాక్ష్యం బలపడుతుంది. మనిషిని అనేముందు ఆ మాత్రం చూడాలి.

నైట్‌షిఫ్ట్:
మార్చేశానండి. "నాళ్ళె"తోనే తీసుకోండి.

కొత్తపద్యం:
అందరికీ నమస్కారం, ఇది నా తొలి పూరణ, తప్పులుంటే చెప్పండి.

పేరు రాసి పెట్టి, తారీఖు వేసితి;
అయిన డబ్బ ఖాళి యయ్యె మరల;
అడుగ నొప్పుకొనియె, నానాటి నుండియే
దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

చిన్నక్షరం:
మొదటి పాదంలో యతి తప్పింది కదా అండీ, పే కి తా ఎలా కుదురుతుంది?

యతిమైత్రి:
తప్పలేదండీ, అది ప్రాసయతి. పేరు, తారీ, రెండిట్లోనూ మొదటి అక్షరం గురువు, రెండో అక్షరం రకారమే, ఆటవెలదిలో అది నిక్షేపంగా చెల్లుతుంది. తొలి పద్యంలోనే ప్రాసయతి పడిందంటే చెవి బాగున్నట్టే, కొత్తపద్యం గారూ.

నిర్వాహకుడు:
భావంలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ముందు పద్యంలో దొంగ ఆ రోజు రాలేదు కాబట్టి లేడు, ఇక్కడ మనిషి అక్కడే ఉన్నాడు, దొంగతనం పోయింది. పైగా మొహం మీద అడగడం అన్నది మనలో ఎవరం సరిగ్గా చెయ్యం, ఫ్రిజ్జు తలుపు మీద కోపంగా చీటీ అంటిస్తాం, గ్రూపులో అందరినీ కలిపి తిడతాం, తియ్యని పదిమంది నొచ్చుకుంటారు, తీసినవాడు మాత్రం అది వేరేవాళ్ళ గురించి అనుకుని ఊరుకుంటాడు. విడిగా పిలిచి "నా డబ్బా మీరు తీసుకున్నారా, నాకు మధ్యాహ్నం తినడానికేం లేకుండా పోయింది" అని మెల్లగా అడిగితే చాలామంది ఆ ఒక్క మాటకే ఆగిపోతారు.

చిన్నక్షరం:
లేదు, నేను కాదు అంటే?

నిర్వాహకుడు:
అంటే అక్కడితో ఆపెయ్యాలి, వాదించకూడదు. అతనికి మీ బాధ తెలిసింది, అది వృథా పోదు. మళ్ళీ జరిగితే ఏ రోజు, ఏ టైముకి పోయిందో రాసిపెట్టుకుని పైవాళ్ళకి చెప్పండి, ఫలానా వాడే అని కాకుండా ఫలానా రోజుల్లో నా తిండి పోయింది అని. జిప్పుకి చిన్న తాళం పట్టే లంచ్ బ్యాగులు కూడా ఉంటాయి, రోజూ మందులు వేసుకునేవాళ్ళు మొహమాటపడకుండా అది వాడటమే మంచిది.

ఆటవెలదిఅభిమాని:
మందు కలిపి యుంచ, మరునాడు పొద్దున
ఖాళి కుర్చి యొకటి కానవచ్చె;
పొట్ట పట్టుకొనుచు పోయె నింటికె వాడు;
దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

అలాంటివాళ్ళకి ఇదే మందు!

నైట్‌షిఫ్ట్:
భలే భలే, నడక అదిరింది అన్నా.

నిర్వాహకుడు:
ఛందస్సులో వేలు పెట్టడానికి లేదు, మ-మ, ఖా-కా, పొ-పో అన్నీ కుదిరాయి, "పొట్ట పట్టుకొనుచు" దగ్గర నడక కూడా బాగుంది. కానీ ఈ పూరణని నేను లెక్కలోకి తీసుకోవట్లేదు, ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. తినే వస్తువులో విరేచనాల మందు కలిపి పెట్టడం చాలా దేశాల్లో నేరం, డబ్బా నాదే కదా అంటే చెల్లదు, ఎవరో ఒకరు తింటారని తెలిసే కలిపావు కాబట్టి. ఇంకా భయం ఏంటంటే ఆ రోజు అది తినేది నువ్వు అనుకున్నవాడే అని నమ్మకం ఏముంది? కిడ్నీ జబ్బున్న మనిషో కడుపుతో ఉన్న అమ్మాయో పొరపాటున తీస్తే, ఒంట్లో నీళ్ళు పోయి ఆస్పత్రిలో పడితే? కారం దట్టించి పెట్టడం కూడా అంతే. మన తిండి పోయిన కోపం నిజమే, ఆ కోపం పద్యంలో చూపించొచ్చు, ఇంకో మనిషి ఒంటి మీద కాదు.

ఆటవెలదిఅభిమాని:
పద్యంలో రాసినంత మాత్రాన ఎవరైనా నిజంగా కలుపుతారా అండీ?

నిర్వాహకుడు:
కలపరని నేను అనుకోలేను, మీ పద్యం కింద వెంటనే "భలే" అని వచ్చింది చూడండి. ఇంత పట్టు ఉన్నవాళ్ళు మీరు, ఇంకోటి రాయండి.

యతిమైత్రి:
నాది కూడా ఒకటి.

ఒకటె రంగు మూత, లొక్కటే పోలిక
రెండు డబ్బ లుండె ఫ్రిజ్జులోన;
తనది యనుచు నతడు తా నాది తినె నంతె;
దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

చిన్నక్షరం:
"లుండె ఫ్రిజ్జు" దగ్గర ఫ్రి సంయుక్తం కదా, ముందున్న డె గురువైపోయి గణం చెడదా అక్కా?

యతిమైత్రి:
చెడదమ్మా. ఉండె, ఫ్రిజ్జు వేర్వేరు పదాలు, సమాసం కాదు, కాబట్టి డె లఘువే. యతి కూడా అక్కడే చూడు, రె కి ఫ్రి లో ఉన్న రకారం సరిపోతుంది, ఎ-ఇ మైత్రి ఉంది.

నిర్వాహకుడు:
యతిమైత్రి గారూ, మీ పద్యమే అయినా చెప్పాలి, "అతడు" వచ్చాక మళ్ళీ "తా" అక్కర్లేదు, యతి కోసం తెచ్చినట్టు కనిపిస్తోంది. భావం మాత్రం అందరూ చదవాల్సింది. ఒకే కంపెనీ డబ్బాలు పదిమంది దగ్గర ఉంటాయి, మూత మీద పేరు రాస్తే చాలదు, మూతలు కూడా మారిపోతాయి, డబ్బా ఒంటి మీద రాయాలి, పక్కకి కనపడేలా.

సాయంకాలం:
నాకు గణాలు సరిగ్గా రావు, అయినా రాశా, సరిచెయ్యండి.

ఆకలనెడి దొంగ యందరి లోనుండు
మనిషి చేతినే అది మలుపు తిప్పె
తిట్టబోకు డతని; తిండి లేదో యేమొ;
దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

చిన్నక్షరం:
రెండో పాదం ఆగిపోతోంది.

నిర్వాహకుడు:
ఔను, విడదీసి చూద్దాం: మనిషి, చేతి, నేఅ, దిమలు, పుతిప్పె. మొదటి నాలుగూ సూర్యగణాలే, చివరిది జగణం (లఘువు-గురువు-లఘువు) అయింది, నాలుగో గణం ది తో మొదలైంది కాబట్టి మ తో యతీ పోయింది. ఇలా చేస్తే రెండూ కుదురుతాయి:

మనిషి చేతి నదియె మలపె నంతె

మిగతా పాదాలు ముట్టుకోనక్కర్లేదు. ఈ పద్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను సాయంకాలం గారూ, "తిండి లేదో యేమొ" అన్నది ఎవరం అనలేదు ఇంతవరకు. నెలాఖర్లో చేతిలో డబ్బు లేక, బయటికి వెళ్ళి తినేంత బ్రేక్ దొరక్క తీసేవాళ్ళూ ఉంటారు. అలాగని నా డబ్బా పోయినా ఫర్వాలేదని కాదు, ఫ్రిజ్జులో ఒక అర "ఎవరైనా తినొచ్చు" అని రాసి ఉంచితే మిగిలినవి అక్కడ పెడతారు, అడగలేనివాళ్ళకి దారి దొరుకుతుంది.

ఆటవెలదిఅభిమాని:
ఇంకోటి రాయమన్నారుగా, ఇదిగో.

శుక్రవార మందు శుభ్రమ్ము చేయగా
పాత డబ్బలన్ని పారవేసె;
గోడ మీది రూలె గుట్టుగా తినె నంట;
దొంగ యెవరొ తెలిసె, దొంగ లేడు

నైట్‌షిఫ్ట్:
రూలు తినేసింది! నేనైతే ఇది ఊహించలేదు అన్నా.

యతిమైత్రి:
గో-గు యతి బాగుంది. "పారవేసె" కి కర్త కనపడట్లేదు, ఎవరు పారవేశారు అని ఒక్క క్షణం ఆగాల్సి వస్తోంది, మూడో పాదంలో రూలు అని వచ్చాక వెనక్కి వెళ్ళి అన్వయం చేసుకోవాలి.

నిర్వాహకుడు:
నాకైతే ఆ కర్త లేకపోవడమే నచ్చింది, మూడో పాదం దాకా దొంగని దాచిపెట్టింది. విషయం కూడా సరైనదే, వండినవి ఫ్రిజ్జులో 4 డిగ్రీల లోపు ఉంచినా 3, 4 రోజులకి మించి ఉంచకూడదంటారు, సోమవారం పెట్టింది శుక్రవారానికి తియ్యాల్సిందే, తారీఖు వెయ్యకపోతే శుభ్రం చేసేవాళ్ళకి ఏది పాతదో ఎలా తెలుస్తుంది. ఈ పద్యం తీసుకుంటున్నా. కొత్తపద్యం గారిది మొదట, దీన్ని దాని పక్కన పెడుతున్నా, సాయంకాలం గారు సవరించిన పద్యం మళ్ళీ ఒకసారి పూర్తిగా ఇక్కడ పెడితే అదీ చేరుస్తా. పూరణలు రేపు రాత్రి వరకు పంపొచ్చు.